గ్లవ్ తీయకుండా వాడగలమా? ఐస్ ఫిషింగ్‌కి వెంట ఉండాల్సిన చిన్న వస్తువులు, వాటిలో ఏది మేలు

గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం వేసి చేపలు పట్టడమే ఐస్ ఫిషింగ్. దానికి ఏ ఆగర్ (ఐస్‌కి రంధ్రం వేసే బర్మా) కొనాలి, గుడారం ఎంతమందికి సరిపోవాలి, ఫ్లాషర్ (నీళ్ళలో లోతునీ చేపనీ చూపించే సోనార్ యంత్రం) అవసరమా కాదా అని మిన్నెసోటాలో ఎవర్ని కదిపినా గంటసేపు చెబుతారు. నేను వాటి జోలికి పోవడం లేదు. ఇన్ని చలికాలాల్లో నేను చూసింది ఏంటంటే, ఐస్ మీద మన రోజు పాడయ్యేది పెద్ద సామాను వల్ల కాదు. ఇంట్లో బల్ల మీద మర్చిపోయి వచ్చిన ఏదో చిన్న వస్తువు వల్ల.

మా మొదటి రోజే చూడండి. ప్లిమత్ ఊళ్ళో మెడిసిన్ లేక్ అనే సరస్సు. నేనూ, మా బావమరిదీ. చేత్తో తిప్పే ఆగర్ పక్కింటి పెద్దాయన ఇచ్చారు. రాడ్లు రెండు, పురుగుల డబ్బా ఒకటి కొన్నాం. మడత కుర్చీలు ఇంట్లో ఉన్నవే. ఇంకేం కావాలి అనుకున్నాం. తీరా 8 అంగుళాల రంధ్రం వేశాక లోపల నీళ్ళు కనపడవే! గోలా బండివాడు తురిమిన ఐస్‌తో నింపిన గ్లాసులా ఉంది. దాన్ని తోడటానికి మా దగ్గర ఏమీ లేదు. నేను చేత్తోనే తోడాను. రెండు నిమిషాలకి గ్లవ్ తడిసింది, పది నిమిషాలకి అట్టముక్కలా బిగుసుకుంది. అరగంటలో ఇంటికొచ్చి పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాం.

అప్పటినుంచి ఏది కొన్నా రెండే ప్రశ్నలు వేసుకుంటాను. గ్లవ్ తీయకుండా దీన్ని వాడగలనా? రంధ్రంలో పడితే తేలుతుందా, లేదంటే దీనికి తాడు కట్టి ఉందా? ఐస్ మీద చేజారిన ప్రతి వస్తువూ ఎందుకో రంధ్రం వైపే జారుతుంది. కింద చెప్పే పోలికలన్నీ ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తాయి. మైనస్ 5 డిగ్రీల సెల్సియస్‌లో బాగున్న వస్తువు మైనస్ 20లో కూడా అలాగే ఉంటుందనుకోవద్దు. ఇక్కడ జనవరి రాత్రుల్లో మైనస్ 15 మామూలే.

ఐస్ రజను తోడేది

రెండోసారి వెళ్ళేటప్పుడు తెలివిగా వంటింట్లోంచి బూందీ గరిటె పట్టుకెళ్ళాను. పని చేసింది, అబద్ధమెందుకు. కానీ పిడి పొట్టిది, రంధ్రం పైన ఉన్న రజనే వస్తుంది, అడుగుది రాదు. ఉత్త స్టీలు కాబట్టి చలి గ్లవ్‌లోంచి అరచేతిదాకా వచ్చేసింది. పైగా గరిటె లోతు లేనిది, నాలుగుసార్లు తోడితే పిడికెడు రజను. ఇంటికి తెచ్చాక మా ఆవిడ "పురుగులు తగిలిన గరిటె ఇంక నా వంటింట్లోకి రాదు" అని తేల్చేసింది.

దుకాణంలో దొరికే స్కిమ్మర్లు రెండు రకాలు. ప్లాస్టిక్‌ది చవక, తేలిక, రజను దానికి అంటుకోదు. కానీ గట్టి చలిలో దాంతో రంధ్రం అంచు కొట్టారా, పుటుక్కున విరుగుతుంది. ఇనుప స్కిమ్మర్ మీద రజను గడ్డకట్టి అతుక్కుంటుంది, మాటిమాటికీ బూటుకేసి దులపాలి. కానీ పక్కన పేరుకున్న పలచటి ఐస్ పొరని పగలగొట్టాలంటే దానికే చేతనవుతుంది. గుడారంలో హీటర్ పెట్టుకుని కూర్చునేవాళ్ళకి ప్లాస్టిక్ చాలు. బయట బకెట్ మీద కూర్చునేవాళ్ళు పిడికి ఫోమ్ చుట్టిన, పొడుగు పిడి ఉన్న ఇనుపదే తీసుకోండి. కొన్నిటికి పిడి మీద అంగుళాల గీతలు, చివర చిన్న వంపు ఉంటాయి. ఆ వంపుని రంధ్రంలోంచి ఐస్ అడుగు అంచుకి తగిలించి మందం చదువుకోవచ్చు. ఒక టేప్ మోసే పని తప్పుతుంది.

ఒంటి మీద ఉండాల్సినవి

మందం మాట వచ్చింది కాబట్టి మిన్నెసోటా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) చెప్పే లెక్క: నడిచి వెళ్ళాలంటే కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7, చిన్న కారుకి 9 నుంచి 10, మధ్యరకం ట్రక్కుకి 13. ఇది గాజులా పారదర్శకంగా ఉన్న కొత్త ఐస్ సంగతి. తెల్లగా, పాలు కలిపినట్టు ఉన్న ఐస్ అయితే దీనికి రెట్టింపు ఉండాలి. ఒకచోట 6 అంగుళాలుంటే పది అడుగుల అవతల 3 ఉండొచ్చు. అందుకే సీజన్ మొదట్లో స్పడ్ బార్ అనే గునపంలాంటి కడ్డీ పట్టుకుని, అడుగడుక్కీ ముందు కొట్టి చూసుకుంటూ నడుస్తారు. అది చిన్న వస్తువు కాదు కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

చిన్న వస్తువుల్లో నేను ముందు కొనమనేది ఐస్ పిక్స్. రెండు పిడులు, వాటికి మేకుల్లాంటి మొనలు, రెంటినీ కలిపే తాడు. ఐస్ విరిగి నీళ్ళలో పడితే పైకి రావడానికి పట్టు ఇవే. తడి ఐస్ మీద ఉత్త చేతులకి ఏ పట్టూ దొరకదు. మానిటోబా విశ్వవిద్యాలయంలో చలినీటి ప్రభావం మీద పనిచేసిన ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని గుర్తుపెట్టుకోమంటారు. పడగానే ఊపిరి ఎగబీల్చే స్థితి ఉంటుంది, దాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం. చేతులు కాళ్ళు మన మాట వినేది సుమారు 10 నిమిషాలు. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. చాలామంది పడగానే గడ్డకట్టి చచ్చిపోతాం అనుకుని కంగారుపడతారు. నిజానికి ఆ 10 నిమిషాలే మన ఆస్తి. ఆ టైములో పిక్స్ సామాను లాక్కెళ్ళే స్లెడ్‌లో, సంచి అడుగున ఉన్నాయంటే లేనట్టే లెక్క.

పిక్స్‌లో మూడు రకాలు చూశాను. మొనల మీద జరిగే మూత ఉన్న ప్లాస్టిక్‌వి మెడలో వేసుకోవడానికి భద్రం, పిల్లలున్న ఇంట్లో ఇవే. కర్రముక్కలకి మేకులు దించి ఇంట్లో చేసుకునేవి నీళ్ళలో తేలతాయి, పట్టు కూడా బాగుంటుంది, కాకపోతే మొనలకి కార్కు బిరడాలు గుచ్చి పెట్టాలి. మూడోది జాకెట్‌లోనే కుట్టి ఇచ్చేది, అది జాకెట్ మారిస్తే గుర్తుండదు. నా మెడలో మొదటి రకమే ఉంటుంది, జాకెట్ పైన, బయటికి కనపడేట్టు. జిప్ లోపల పెట్టుకుంటే తడిసిన గ్లవ్‌తో జిప్ తీయడం అయ్యే పని కాదు. పడితే వచ్చిన దారివైపే తిరగాలి, ఎందుకంటే ఆ ఐస్ ఇంతవరకు మనల్ని మోసింది. కాళ్ళు వెనక్కి ఈతకొట్టినట్టు ఆడిస్తూ, మొనలు దించి పొట్ట మీద పాకాలి. బయటపడ్డాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ దూరం పోవాలి.

పాత లైఫ్ జాకెట్ ఏదైనా ఉంటే అదీ వేసుకోండి, నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. ఒక్క మినహాయింపు: ఐస్ మీద కారులోనో ట్రక్కులోనో కూర్చున్నప్పుడు మాత్రం వద్దు, అది మునిగితే జాకెట్ మనల్ని పైకప్పుకి అదిమేస్తుంది.

తాడు కొంటే పాలీప్రొపిలిన్‌దే కొనండి. నైలాన్ గట్టిదే గానీ నీళ్ళలో మునుగుతుంది, ఇది తేలుతుంది. 50 అడుగులు చాలు. విజిల్ ప్లాస్టిక్‌ది కావాలి, లోపల గోళీ లేనిది. లోహపు విజిల్ ఆ చలిలో పెదవికి అతుక్కుంటుంది, గోళీ ఉన్నదాంట్లో ఉమ్ము గడ్డకట్టి మూగబోతుంది. విజిల్ ఎందుకు అనేవాళ్ళకి ఒక్క మాట. 2023 డిసెంబరు చివర్లో అప్పర్ రెడ్ లేక్‌లో ఒడ్డునుంచి ఐస్ పలక విడిపోయి వందమందికి పైగా చిక్కుకుపోయారు, వాళ్ళని బయటికి తేవాల్సి వచ్చింది. అలాంటి చోట ఫోన్ బ్యాటరీ చలికి చచ్చిపోతే మనం ఉన్నామని చెప్పుకోవడానికి మిగిలేది కూత ఒక్కటే.

బూట్ల కింద వేసుకునే క్లీట్లలో స్ప్రింగు తీగ చుట్టినవి, ముళ్ళు ఉన్నవి అని రెండు. స్ప్రింగు రకం ఊరి ఫుట్‌పాత్‌లకి సరిపోతుంది. గాలికి స్నో కొట్టుకుపోయి నున్నగా మెరిసే సరస్సు మీద ముళ్ళవే కావాలి. బూటు కన్నా ఒక సైజు పెద్దది కొనండి, లావు బూటుకి చిన్న క్లీట్ లాగి తొడగడం చలిలో నరకం. తిరిగొచ్చాక గ్యాస్ స్టేషన్‌లో టైల్స్ మీదికి ఇవే వేసుకుని వెళ్ళకండి. నేను వెళ్ళాను, కాఫీ కప్పుతో సహా నేల మీద పరుచుకున్నాను.

చేతులు

ఈ భాగం మీద నేను పెట్టినంత డబ్బు ఇంకెక్కడా తగలెయ్యలేదు.

చేతుల వెచ్చదనానికి మూడు దారులు. మొదటిది వాడి పారేసే పొట్లాలు. లోపల ఇనుప రజను, ఉప్పు, బొగ్గుపొడి ఉంటాయి. గాలి తగలగానే ఇనుము తుప్పుపట్టడం మొదలై వేడి పుడుతుంది. అంటే దీనికి గాలి కావాలి. బిగుతు గ్లవ్‌లో కుక్కి పెట్టి "ఇది పనిచేయట్లేదు" అనేవాళ్ళని ఎంతమందినో చూశాను. పొట్లం పుంజుకోవడానికి పావుగంట పడుతుంది, అందుకని కారు దిగకముందే చింపి ఊపాలి. రెండు గంటలకే ఇంటికి వచ్చేస్తే గాలి పిండేసి జిప్ సంచిలో బిగించి పెట్టండి, గాలి అందక ఆగిపోతుంది, మర్నాడు మళ్ళీ వాడుకోవచ్చు. తడిస్తే మాత్రం పనికిరాదు.

రెండోది ఛార్జింగ్ రకం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, బొత్తాం నొక్కగానే వేడి. కానీ లిథియం బ్యాటరీకి చలి పడదు. పెట్టె మీద రాసినన్ని గంటలు మైనస్ 15లో రావు. పైగా సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే పాడవుతుంది, కాబట్టి చల్లబడినదాన్ని వెంటనే కారు ఛార్జర్‌కి తగిలించకూడదు. మూడోది లైటర్ ద్రవం పోసే లోహపు డబ్బీ. ఉత్ప్రేరకం మీద మంట లేకుండా నెమ్మదిగా కాలుతూ గంటల తరబడి వేడినిస్తుంది. వేడి విషయంలో దీన్ని కొట్టేది లేదు. కానీ చేతులకి ఆ ద్రవం వాసన పడుతుంది, అదే చేతులతో ఎర ముట్టుకుంటాం. నాకు చేప కన్నా ముందు ఆ వాసనే తలనొప్పి తెప్పించింది.

నా లెక్క ఇది: నలుగురిలో పిల్లలుంటే వాళ్ళకి ఛార్జింగ్‌ది, వాళ్ళు ఎలాగూ రెండు గంటలు మించి ఉండరు. నాకు పొట్లాలు రెండు జతలు. పొట్లాన్ని అరచేతిలో కాకుండా మణికట్టు లోపలివైపు, గ్లవ్ అంచు కింద పెట్టి చూడండి. వేళ్ళు స్వేచ్ఛగా ఉంటాయి, చేతికి పోయే రక్తం వెచ్చబడుతుంది.

ఇక గ్లవ్స్. ఖరీదైన నీళ్ళు దూరని జత ఒకటి కొనడమా, చవక ఊలు గ్లవ్స్ మూడు జతలు కొనడమా? సందేహం లేకుండా మూడు జతలు. నీళ్ళు దూరని గ్లవ్‌లోకి పైనుంచి ఒక్కసారి నీళ్ళు పోతే ఆ రోజుకి అది తొట్టే. ఊలుది తడిస్తే తీసి ఇంకోటి వేసుకుంటాం. వాటిపైన ఇక్కడివాళ్ళు చాపర్స్ అనే తోలు మిట్టెన్స్ వేసుకుంటారు, వేళ్ళన్నీ ఒకే గదిలో ఉంటాయి కాబట్టి వెచ్చగా ఉంటుంది. వాటికి దారం కట్టి, చిన్నపిల్లలకి కట్టినట్టు మెడలో వేసుకుంటే చేప పడగానే వదిలేసి మళ్ళీ చెయ్యి దూర్చడం సులువు.

తుడుచుకునే గుడ్డ గురించి ఎవరూ రాయరు. మందపాటి టర్కీ టవల్ ఒకసారి తడిస్తే పలకలా గడ్డకడుతుంది, దాంతో చేతులు తుడుచుకోవడం గోడకి రుద్దుకున్నట్టే. మైక్రోఫైబర్ కాస్త నయం. నేను మాత్రం ఊరినుంచి తెచ్చుకున్న పలచటి తుండుగుడ్డ రెండు ముక్కలు చేసి తీసుకెళ్తాను. గడ్డకట్టినా చేత్తో నలిపి దులిపితే ఐస్ రాలిపోతుంది, మళ్ళీ గుడ్డ అవుతుంది. ఒకటి చేపకి, ఒకటి చేతికి. రంగులు వేరుగా ఉండటం మంచిది, ఎందుకో మొదటిసారి ముఖం తుడుచుకున్నాక తెలుస్తుంది.

కాళ్ళ కింద, కూర్చోడానికి

బూట్లు ఎంత మంచివైనా గంటల తరబడి ఐస్ మీద ఆనిస్తే చలి అడుగునుంచి ఎక్కుతుంది. వ్యాయామశాలల్లో పరిచే ఫోమ్ పలక ఒకటి, రెండడుగుల చతురస్రం, కాళ్ళ కింద వేసుకోండి. నేను కొన్నవాటిలో ఖరీదుకి తగ్గ ఫలితం ఇంతగా ఇచ్చింది ఇంకోటి లేదు. యోగా మ్యాట్ కూడా వేసి చూశాను, అది పలచన, పైగా గాలికి లేచి రంధ్రం మీద వాలుతుంది.

కుర్చీనా, బకెట్టా అంటే బకెట్టే. 5 గ్యాలన్ల బకెట్‌కి మెత్త మూత తొడిగితే కుర్చీ. మూత తీస్తే సామాను పెట్టె. వచ్చేటప్పుడు చేపల బుట్ట. మడత కుర్చీకి వీపు ఆనించే సుఖం ఉంది, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి అదే సరి. కానీ దాని కాళ్ళు నున్నటి ఐస్ మీద జారతాయి.

చేప పడ్డాక

కొక్కెం ఊడదీసేది ఏది కొనాలన్నది ఏ చేప కోసం వెళ్తున్నామన్నదాన్ని బట్టి. బ్లూగిల్, క్రాపీలకి నోరు చిన్నది, సన్నటి హీమోస్టాట్ కావాలి. సర్జన్ల చేతిలో ఉండే ఆ కత్తెరలాంటిదే. నార్తర్న్ పైక్‌కి నోటినిండా రంపపు పళ్ళు, పొడుగు ముక్కు ప్లయర్స్ లేకుండా దాని జోలికి పోవద్దు. హీమోస్టాట్ గుండ్రాల్లోకి గ్లవ్‌తో వేలు దూరదు, అందుకని పెద్ద గుండ్రాలున్నది వెతుక్కోండి. రెండిటికీ ఎర్ర తాడు కట్టి బకెట్ పిడికి ముడేయండి. ఇప్పటివరకు మెడిసిన్ లేక్ అడుగున నావి రెండు ప్లయర్స్ ఉన్నాయి.

కొలబద్ద తప్పనిసరి. మిన్నెసోటాలో 2018 నుంచి పైక్‌కి జోన్లు పెట్టారు. ఉత్తర-మధ్య జోన్‌లో 22 నుంచి 26 అంగుళాల మధ్య ఉన్న పైక్‌ని వెంటనే వదిలేయాలి, 26 దాటినవి రెండుకి మించి ఉంచుకోకూడదు. చలిలో టేప్ పట్టుకుని కొలుస్తుంటే చేప గాలిలో గడ్డకడుతుంది. బకెట్ పక్కన లేదా స్లెడ్ అంచున అంగుళాల స్టిక్కర్ అతికించుకుంటే క్షణంలో పని. నిబంధనలు ఏటా మారొచ్చు కాబట్టి బయల్దేరే ముందు ఆ ఏడాది పుస్తకం చూసుకోండి.

బతికున్న చిన్నచేపలు ఎరగా వాడేవాళ్ళకి రెండు చిన్న వస్తువులు. ఒకటి అరచేతి సైజు జల్లెడ వల, డాలర్లలో అతి చవకైనది, చెయ్యి తడవకుండా ఎర తీసుకోవచ్చు. రెండోది ఇంటినుంచి ఒక సీసా నీళ్ళు. మిగిలిన చిన్నచేపల్ని ఇంటికి తెచ్చుకోవాలంటే సరస్సు నీళ్ళు అక్కడే వంపేసి, వేరే నీళ్ళు పోసుకోవాలన్నది ఇక్కడి నియమం. ఒక సరస్సులోని పురుగూ పుట్రా ఇంకోదాంట్లోకి పోకుండా ఈ జాగ్రత్త. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే చేపపిల్లలు చస్తాయి, దుకాణపు నీళ్ళ సీసా మేలు. మాగ్గాట్లు, వాక్స్ వర్మ్స్ అయితే గొడవే లేదు, డబ్బాని లోపలి జేబులో వేసుకోండి. పురుగులు ఒంటికి ఆనుకుని ఉన్నాయన్న ఆలోచనే మా బావమరిదికి గిట్టదు. "బావా, అవి బయటికొస్తే?" అంటాడు. ఆ మూత బిగుతుగా ఉండే డబ్బా కొనడం కూడా ఎంపికే మరి.

దారం, లోతు, వెలుగు

రాడ్ కొస వలయాల్లో ఐస్ పట్టి దారం కదలకపోవడం అందరి బాధ. ప్రత్యేకంగా అమ్మే ముద్ద, పెదాలకి రాసే లిప్ బామ్ రెండూ వాడాను, తేడా నాకు తెలియలేదు. లిప్ బామ్ పెదాలకీ పనికొస్తుంది కాబట్టి అదే. పట్టిన ఐస్‌ని తట్టి రాలగొట్టబోతే కొస విరుగుతుంది, రాడ్ కొసని రంధ్రం నీళ్ళలో ముంచితే కరుగుతుంది. అల్లిన దారం నీళ్ళు పీల్చుకుని గడ్డకడుతుంది. బయట కూర్చునేవాళ్ళకి అల్లిక లేని ఒంటిపోగు దారాలు, అంటే మోనో లేదా ఫ్లోరోకార్బన్ సుఖం.

లోతు తెలుసుకోవడానికి ఫ్లాషర్ వందల డాలర్లు. కొక్కేనికి తగిలించే సీసపు గుండు రెండు మూడు డాలర్లు. గుండు అడుగుకి తగిలిందాకా వదిలి, బెండు అక్కడ జరుపుకుంటే లోతు తెలిసినట్టే. కొల్లేటి ఒడ్డున చిన్నప్పుడు రాయి కట్టి చూసుకున్నది ఇదే కదా. మొదటి ఏడాది గుండుతోనే గడపండి. వాలై అనే చేప అడుగుకి దగ్గరగా, క్రాపీ తరచు మధ్యలో తేలుతూ ఉంటాయి కాబట్టి అడుగు ఎక్కడుందో తెలియడమే సగం పని. క్రాపీ ఎంత ఎత్తులో ఉందో మాత్రం గుండు చెప్పదు, అక్కడే ఫ్లాషర్ డబ్బు రాబట్టుకుంటుంది.

డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, చేప ఎర పట్టేది సరిగ్గా అప్పుడే. లాంతరు గుడారంలో బాగుంటుంది. నడిచి తిరిగి రావడానికి తలకి కట్టుకునే లైటే కావాలి, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. దాంట్లో మామూలు ఆల్కలైన్ సెల్స్ వేస్తే చలికి డీలాపడతాయి. ఒకసారి వాడి పారేసే లిథియం ఏఏ సెల్స్ ఖరీదెక్కువే, మైనస్ 40 దాకా పనిచేస్తాయి. బొత్తాం పెద్దది ఉన్న లైట్ చూడండి. సున్నితమైన టచ్ బొత్తాం ఉన్నది మిట్టెన్‌తో వెలగదు.

గుడారంలో హీటర్ ఉంటే

ఇక్కడ చిన్న వస్తువు ప్రాణం మీదికి తెస్తుంది, లేదా కాపాడుతుంది. చిన్న ప్రొపేన్ హీటర్లలో చాలావాటికి ఆక్సిజన్ తగ్గితే ఆరిపోయే ఏర్పాటు ఉంటుంది. దాన్ని చూసి కార్బన్ మోనాక్సైడ్ భయం లేదనుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఆ ఏర్పాటు ఆక్సిజన్‌ని మాత్రమే కనిపెడుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన లేవు. తలనొప్పి, మత్తు వచ్చాక లేచి జిప్ తీసే ఓపిక ఉండకపోవచ్చు. బ్యాటరీతో నడిచే అలారం ఒకటి తప్పక పెట్టుకోండి. ఇళ్ళలో వాడేవి చాలావరకు 4 డిగ్రీల పైన ఉష్ణోగ్రతకే హామీ ఇస్తాయి. ఆర్వీలు అనే, లోపలే ఉంటూ ప్రయాణించే బండ్ల కోసం చేసేవి చలికి ఎక్కువ తట్టుకుంటాయి, పెట్టె మీద ఉష్ణోగ్రత చదివి కొనండి. అలారం ఉన్నా సరే గుడారం కిటికీ ఒకటి పైన, తలుపు కొంచెం కింద తెరిచే ఉంచాలి. వేడి పోతుందని మా బావమరిది ప్రతిసారీ సణుగుతాడు, నేను ప్రతిసారీ తెరుస్తాను.

కడుపులోకి

ఫ్లాస్కులో కాఫీ పోసుకెళ్తారు ఇక్కడివాళ్ళు. కాఫీ వెనకాలే ఇంకో అవసరం వస్తుంది, ఐదు పొరల బట్టల్లో, చెట్టూ పుట్టా లేని తెల్లటి మైదానంలో. నేను మిరియాల చారుకి మారాను. వెల్లుల్లి కాస్త ఎక్కువ, చింతపండు తక్కువ, కరివేపాకు వడగట్టేసి, తాలింపు గింజలు లేకుండా. గింజలుంటే ఫ్లాస్కు మూత దగ్గర ఇరుక్కుంటాయి, చలిలో అవి పీకడం పెద్ద పని. స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కునే కొనండి, మూతి వెడల్పు ఉన్నదైతే పప్పన్నం కూడా పెట్టుకోవచ్చు, కానీ వేడి త్వరగా పోతుంది. చారుకి ఇరుకు మూతిదే. పోసేముందు పది నిమిషాలు మరిగే నీళ్ళు నింపి ఉంచి, పారబోసి, అప్పుడు చారు పోస్తే మధ్యాహ్నం దాకా నాలుక కాలుతుంది. మెత్తటి పదార్థాలన్నీ గట్టిపడతాయి: పులిహోర రాయి, ఇడ్లీ ఇంకా పెద్ద రాయి. జంతికలు, చేగోడీలు మాత్రం చలికి ఏమీ మారవు, మిట్టెన్‌తో కూడా పట్టుకోవచ్చు. పక్కింటి పెద్దాయన ఒకసారి చారు మూత నిండా తాగి, కళ్ళు తుడుచుకుని, మూత మళ్ళీ నా ముందు పెట్టారు.

చెత్తకి సంచి వేరే పెట్టుకోండి, మూత ఉన్న బకెట్ అయితే ఇంకా మంచిది. ఐస్ మీద చెత్త కింద వదలకూడదని మిన్నెసోటా 2023లో చట్టం చేసింది. పొట్లం కాగితమైనా సరే సంచిలోనో బండిలోనో ఉండాలి. పల్చటి షాపింగ్ కవర్ గాలికి ఎగిరిపోతుంది, మైలు దూరం దాన్ని తరుముతూ పరిగెత్తలేం. సంచి నోటికి క్లిప్పు పెట్టండి.

ఏవి వద్దు

జిప్పో లైటర్‌లాంటి ఆకారంలో వచ్చే పదిహేను పనుల కత్తి వద్దు, గ్లవ్‌తో ఏ ఆకూ తెరుచుకోదు. చిన్న మడత బల్ల వద్దు, దాని మీద పెట్టినవన్నీ గడ్డకడతాయి. టిప్-అప్‌కి (రంధ్రం మీద పెట్టి వదిలేస్తే చేప పట్టగానే జెండా లేపే సాధనం) తగిలించే గంటలు అవసరం లేదు: రాత్రిపూటకి చిన్న ఎల్ఈడీ దీపం మేలు, ఎందుకంటే గాలిలో గంట వినపడదు, పైగా టిప్-అప్‌కి 200 అడుగుల లోపలే ఉండాలన్నది నియమం కాబట్టి దీపం ఎలాగూ కనపడుతుంది. ఒకేసారి రెండు లైన్లకే అనుమతి, కాబట్టి నాలుగు రాడ్ స్టాండ్లు కొనకండి, రెండు చాలు.

చేతిలో 50 డాలర్లే ఉంటే నేనైతే ఇలా ఖర్చు పెడతాను: ముందు పిక్స్, తర్వాత ముళ్ళ క్లీట్లు, తర్వాత స్కిమ్మర్, మిగిలిన దానికి సీసపు గుండు, పొట్లాలు. ఫోమ్ పలక, తుండుగుడ్డ, విజిల్, ఫ్లాస్కు ఎవరింట్లోనైనా ఏదో మూల ఉండేవే. గుడారం, హీటర్ కొనే ఏడాది వచ్చినప్పుడు మాత్రం అలారం కొనకుండా హీటర్ పెట్టె విప్పకండి.